స్థిర విద్యుత్తు, ప్రవాహ విద్యుత్తు: విద్యార్థులకు ప్రాథమిక పాఠం

1905వ సంవత్సరం ఆగస్టు 5వ తేదీన బెంగళూరు నగరంలో, నేటి కృష్ణరాజేంద్ర మార్కెట్ ప్రాంతంలో తొలి విద్యుత్ వీధిదీపం వెలిగింది. అంతవరకూ ఆ వీధులకు నూనె దీపాలే దిక్కు. మన దేశంలో విద్యుత్ వీధిదీపాలు చూసిన తొలి నగరాలలో బెంగళూరు ఒకటిగా నిలిచింది. అయితే ఆ వెలుగు బెంగళూరులో పుట్టలేదు. కావేరి నది దూకే శివనసముద్రం వద్ద పుట్టి, తీగల మీదుగా నగరానికి చేరింది. నగరం కంటే మూడేళ్ళు ముందుగానే, 1902 జూన్ చివరిలో, అదే విద్యుత్తు మన సరిహద్దు పక్కనే ఉన్న కోలారు బంగారు గనులకు చేరింది.

కుప్పం, వి.కోట, పలమనేరు ప్రాంతాల నుంచి, కోలారు జిల్లా పల్లెల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ గనులలో పనిచేశాయి. గనులు 2001లో మూతపడ్డాయి. విద్యుత్తు మాత్రం నేడు మన ఇళ్ళలో, పొలం మోటార్లలో, పిల్లల చదువు బల్ల మీద ఉంది. రోజూ వాడే ఈ శక్తి స్వభావం ఏమిటి? ఉరుములోని మెరుపుకూ, గోడ మీది స్విచ్చుకూ సంబంధం ఏమిటి? పాఠశాల విద్యార్థులకూ, వారి తల్లిదండ్రులకూ ఉపయోగపడేలా ఆ మౌలిక విషయాలను ఈ వ్యాసంలో వరుసగా వివరిస్తున్నాం.

విద్యుదావేశం అంటే ఏమిటి?

ప్రతి పదార్థం పరమాణువులతో నిర్మితమై ఉంటుంది. పరమాణువు మధ్యలో కేంద్రకం ఉంటుంది. అందులోని ప్రోటాన్లకు ధనావేశం, కేంద్రకం చుట్టూ ఉండే ఎలక్ట్రాన్లకు ఋణావేశం ఉంటాయి. సాధారణ స్థితిలో రెండింటి సంఖ్య సమానం కనుక పరమాణువు తటస్థంగా ఉంటుంది. ఒక వస్తువు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటే ధనావేశితం, అదనంగా పొందితే ఋణావేశితం అవుతుంది. ఇక్కడ కదిలేవి ఎలక్ట్రాన్లే, ప్రోటాన్లు కావు. ఆవేశం కొత్తగా పుట్టదు, నశించదు. ఒక చోటు నుంచి మరొక చోటికి మారుతుంది, అంతే.

సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి. ఈ బలం దూరాన్ని బట్టి ఎలా మారుతుందో ఫ్రాన్సు శాస్త్రవేత్త కూలుంబ్ 1785లో కొలిచి చూపాడు. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆవేశాన్ని కొలిచే ప్రమాణానికి ఆయన పేరే పెట్టారు. ఒక కూలుంబ్ ఆవేశం అంటే సుమారు 62,400 కోట్ల కోట్ల ఎలక్ట్రాన్ల ఆవేశం. ఎలక్ట్రాన్‌ను జె.జె. థామ్సన్ 1897లో కనుగొన్నాడు. అంటే విద్యుత్తును వాడుకోవడం ముందు వచ్చింది, అందులో కదిలేది ఏమిటో తరువాత తెలిసింది.

స్థిర విద్యుత్తు

పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో పదిసార్లు దువ్వి, చిన్న కాగితపు ముక్కల దగ్గరకు తీసుకువెళితే అవి ఎగిరి అంటుకుంటాయి. దువ్వేటప్పుడు జుట్టు నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు దువ్వెనకు చేరతాయి. దువ్వెన ఋణావేశితమవుతుంది. ప్లాస్టిక్ తనలో ఆవేశాన్ని పారనివ్వదు కనుక అది అక్కడే నిలిచిపోతుంది. ఇలా నిలిచి ఉన్న ఆవేశాన్నే స్థిర విద్యుత్తు అంటారు. కాగితానికి స్వతహాగా ఆవేశం లేదు. అయినా దువ్వెన దగ్గరకు రాగానే కాగితంలోని ఋణావేశం కొద్దిగా అవతలి వైపుకు జరిగి, ఇవతలి వైపు ధనావేశం మిగులుతుంది. అందుకే ఆకర్షణ కలుగుతుంది. దీనిని ప్రేరణ అంటారు.

ఈ ప్రయోగం వానాకాలంలో సరిగా జరగదు. గాలిలోని తేమ వస్తువుల మీద పలుచని పొరగా చేరి, ఆవేశాన్ని జారవిడుస్తుంది. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరు, కోలారు పీఠభూమిలో జనవరి నుంచి మార్చి వరకు గాలి పొడిగా ఉంటుంది. ప్రయోగానికి అదే అనువైన కాలం. ఆ నెలల్లోనే ప్లాస్టిక్ కుర్చీ నుంచి లేచి ఇనుప తలుపు గొళ్ళెం తాకితే వేలికి చురుక్కుమంటుంది. నైలాన్ చొక్కా విప్పేటప్పుడు చిటపట చప్పుడు వినిపిస్తుంది.

ఆ చురుకు వెనుక వోల్టేజి కొన్ని వేల వోల్టులు ఉండవచ్చు. మరి ప్రాణాపాయం ఎందుకు లేదు? ఎందుకంటే శరీరం మీద చేరిన ఆవేశం అత్యల్పం, కూలుంబ్‌లో పది లక్షల వంతు మాత్రమే. అది క్షణంలో అతి చిన్న భాగంలోనే ఖాళీ అవుతుంది. ఇంటి కరెంటు 230 వోల్టులే అయినా, తాకినంత సేపూ ఆగకుండా ప్రవహిస్తూనే ఉంటుంది. ప్రమాదం వోల్టేజి అంకెలో మాత్రమే లేదు. శరీరంలో ఎంత కరెంటు, ఎంతసేపు ప్రవహించిందన్నదే ముఖ్యం. ఈ వాక్యాన్ని విద్యార్థులు బాగా గుర్తుంచుకోవాలి.

స్థిర విద్యుత్తు ఆటవస్తువు మాత్రమే కాదు. పరీక్షలకు ముందు మనం పరుగెత్తే జిరాక్స్ దుకాణంలోని యంత్రం దీనితోనే పనిచేస్తుంది. ఆవేశం ఉన్న చోటే నల్లని పొడి అంటుకుని అక్షరాల ఆకారం వస్తుంది. అమెరికాకు చెందిన చెస్టర్ కార్ల్‌సన్ 1938లో దీనిని సాధించాడు. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలలో బూడిదను పట్టి ఆపడానికి కూడా ఇదే సూత్రం ఉపయోగపడుతోంది.

పిడుగు: ఆకాశంలోని స్థిర విద్యుత్తు

మేఘాలలో మంచు రేణువులు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు ఆవేశాలు విడిపోతాయి. సాధారణంగా మేఘం అడుగు భాగాన ఋణావేశం చేరుతుంది. దాని ప్రభావంతో కింది నేలపై ధనావేశం పోగవుతుంది. తేడా మితిమీరినప్పుడు గాలి కూడా ఆవేశాన్ని ఆపలేక దారి ఇస్తుంది. అదే పిడుగు. అందులో ప్రవహించే కరెంటు సుమారు 30 వేల ఆంపియర్ల దాకా ఉంటుంది. ఆ దారిలోని గాలి ఒక్కసారిగా దాదాపు 30 వేల డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కి వ్యాకోచించడం వల్ల పుట్టే చప్పుడే ఉరుము.

మెరుపు విద్యుత్తేనని నిరూపించే గాలిపటం ప్రయోగాన్ని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1752లో చేశాడని ప్రసిద్ధి. మరుసటి సంవత్సరమే, 1753లో, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో ఇటువంటి ప్రయోగం చేస్తూ రిచ్‌మాన్ అనే శాస్త్రవేత్త పిడుగుపాటుకు మరణించాడు. ఉరుముల వేళ గాలిపటం ఎగురవేయడం ప్రయోగం కాదు, ప్రాణాలతో చెలగాటం.

మన దేశంలో పిడుగుపాటు వల్ల ఏటా 2 వేల మందికి పైగా మరణిస్తున్నారు. వారిలో ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవారు, పశువులు మేపేవారు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులు ఉరుములతో కురుస్తాయి. వాన రాగానే చింతచెట్టు కిందికో, మామిడిచెట్టు కిందికో చేరడం మన అలవాటు. అదే పెద్ద ప్రమాదం. పిడుగు ఎత్తైన వస్తువును ఎంచుకుంటుంది. చెట్టు నుంచి పక్కనున్న మనిషికి దూకుతుంది, నేలలోకి కూడా వ్యాపిస్తుంది. నేలలో వ్యాపించేటప్పుడు ఒక్కో అడుగు దూరానికీ వోల్టేజి మారుతుంది. ఆవుకు ముందుకాళ్ళకూ వెనుక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ కనుక దాని శరీరం గుండా ఎక్కువ కరెంటు పోతుంది. ఒకే చెట్టు కింద పశువులు గుంపుగా చనిపోవడానికి కారణం ఇదే.

ఉరుము వినగానే అర్జునుని పేర్లు తలచుకోవడం మన పెద్దల ఆచారం. తలచుకుంటూనే లోపలికి నడవడం శాస్త్రం. మెరుపు కనిపించిన క్షణం నుంచి ఉరుము వినిపించే వరకు సెకన్లు లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. 30 సెకన్ల లోపే ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపునే ఉన్నట్లు. వెంటనే పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారు లేదా బస్సులోకో వెళ్ళాలి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగి బయటకు రావాలి. పిడుగు తగిలిన వ్యక్తి శరీరంలో కరెంటు నిలిచి ఉండదు. తాకితే మనకు తగులుతుందన్నది అపోహ. వెంటనే తాకి, ప్రథమ చికిత్స చేసి 108కి ఫోన్ చేయాలి.

ప్రవాహ విద్యుత్తు

నిలిచి ఉన్న ఆవేశం ఒక దారి వెంట ఆగకుండా కదిలితే అది ప్రవాహ విద్యుత్తు. ఈ ప్రవాహాన్ని నిలకడగా ఇచ్చే తొలి సాధనాన్ని ఇటలీకి చెందిన వోల్టా నిర్మించి, 1800లో లోకానికి ప్రకటించాడు. రాగి, జింకు వంటి రెండు లోహపు బిళ్ళల మధ్య ఉప్పునీటిలో తడిపిన గుడ్డ పెట్టి, అటువంటి జతలను దొంతరగా పేర్చాడు. మన టార్చిలైటు సెల్లుకు అదే మూలం.

మీరూ ప్రయత్నించవచ్చు. ఒక నిమ్మకాయలో జింకు పూత పూసిన మేకు ఒకటి, రాగి తీగ ముక్క ఒకటి, ఒకదానికొకటి తగలకుండా గుచ్చండి. దాని నుంచి ఇంచుమించు ఒక వోల్టుకు కొంచెం తక్కువగా వస్తుంది. నాలుగు కాయలను వరుసగా, ఒకదాని రాగిని మరొకదాని మేకుకు కలుపుతూ జోడిస్తే చిన్న ఎర్ర ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంది. ప్రయోగం తరువాత ఆ నిమ్మకాయలను తినకూడదు, పారవేయాలి.

ప్రవాహ విద్యుత్తును అర్థం చేసుకోవడానికి ఊరిలోని నీళ్ళ ట్యాంకును ఊహించండి. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయి దగ్గర అంత ఒత్తిడి. ఈ ఎత్తులోని తేడా వంటిదే పొటెన్షియల్ భేదం, దీనిని వోల్టులలో కొలుస్తారు. గొట్టంలో సెకనుకు ఎంత నీరు పోతుందన్నది కరెంటు వంటిది, దీనిని ఆంపియర్లలో కొలుస్తారు. సెకనుకు ఒక కూలుంబ్ ఆవేశం ప్రవహిస్తే అది ఒక ఆంపియర్. గొట్టం సన్నగా ఉంటే ప్రవాహానికి అడ్డు ఎక్కువ. ఈ అడ్డే నిరోధం, దీని ప్రమాణం ఓమ్. జర్మనీకి చెందిన జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ఈ మూడింటినీ కలుపుతుంది:

వోల్టేజి = కరెంటు × నిరోధం

రాగి, అల్యూమినియం, ఇనుము వంటి లోహాలలో ఎలక్ట్రాన్లు సులువుగా కదులుతాయి. ఇవి వాహకాలు. పింగాణీ, రబ్బరు, గాజు, ఎండిన చెక్క, ప్లాస్టిక్ బంధకాలు. చెక్క తడిస్తే ఇక బంధకం కాదు. ఉప్పు, లవణాలు కలిసిన నీరు వాహకమే. బోరునీరూ, చెమటా ఈ కోవలోనివే.

స్విచ్చు వేయగానే దీపం వెలుగుతుంది కనుక ఎలక్ట్రాన్లు మహావేగంతో పరుగెడతాయని చాలామంది భావిస్తారు. నిజానికి తీగలో అవి ముందుకు జరిగే వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. నీటితో నిండి ఉన్న పైపును తలచుకోండి. ఇవతల మోటారు వేయగానే అవతల నీరు పడుతుంది. ఇవతలి చుక్క అవతలికి చేరే దాకా ఆగనక్కరలేదు. తీగ అంతటా ఎలక్ట్రాన్లు ముందే నిండి ఉన్నాయి. స్విచ్చు వేస్తే ఆ నెట్టుడు తీగ పొడవునా దాదాపు వెంటనే అందుతుంది.

శివనసముద్రం నుంచి కోలారు దాకా

సెల్లు ఇచ్చే ప్రవాహం ఎప్పుడూ ఒకే దిశలో ఉంటుంది. దీనిని ఏకముఖ విద్యుత్తు అంటారు. ఇంటికి వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాల చొప్పున అటూ ఇటూ దిశ మార్చుకుంటుంది. ఇది ఏకాంతర విద్యుత్తు. దీని పుట్టుకకు మూలం మైఖేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. తీగ చుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో కరెంటు పుడుతుంది. శివనసముద్రంలో ఎత్తు నుంచి గొట్టాల ద్వారా దూకే కావేరి నీరు టర్బైన్లను తిప్పుతుంది, అవి జనరేటర్లను తిప్పుతాయి. నీటి బలం విద్యుత్తుగా మారుతుంది.

మైసూరు సంస్థాన దివాను శేషాద్రి అయ్యర్ కాలంలో ఈ పథకం రూపుదిద్దుకుంది. అది పూర్తికాకముందే, 1901లో, ఆయన మరణించారు. అంతకుముందు 1897లోనే డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్‌లో చిన్న జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. కానీ శివనసముద్రం చేసిన సాహసం దూరానికి సంబంధించినది. అక్కడి నుంచి కోలారు గనులకు తీగ పొడవు సుమారు 147 కిలోమీటర్లు. అప్పటికి ప్రపంచంలోని అతి పొడవైన విద్యుత్ లైన్లలో అది ఒకటి. అంతవరకూ ఆవిరి యంత్రాలతో నడిచిన గనుల పనులు విద్యుత్తుకు మారాయి.

అంత దూరం పంపడానికి వోల్టేజిని 30 వేల వోల్టుల స్థాయికి పెంచారు. ఎందుకు? సులువైన లెక్క చూడండి. 1,000 కిలోవాట్ల శక్తిని 1,000 వోల్టులతో పంపితే తీగలో 1,000 ఆంపియర్లు ప్రవహించాలి. 30,000 వోల్టులతో పంపితే 33 ఆంపియర్లు చాలు. తీగ వేడెక్కి వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు 30వ వంతుకు తగ్గితే నష్టం 900వ వంతుకు తగ్గుతుంది. పంపేచోట వోల్టేజిని పెంచి, వాడేచోట తగ్గించే పరికరమే ట్రాన్స్‌ఫార్మరు. ఇది ఏకాంతర విద్యుత్తుతోనే పనిచేస్తుంది. మన ఊరి చివర స్తంభాల మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మరు 11 వేల వోల్టులను ఇంటికి తగిన 230 వోల్టులకు, మోటారుకు తగిన 415 వోల్టుల మూడు ఫేజులకు దించుతుంది.

మరొక విశేషం ఉంది. ఏకాంతర విద్యుత్తులో ఎలక్ట్రాన్లు ఉన్నచోటనే అటూ ఇటూ ఊగుతాయి. కనుక కావేరి దగ్గరి ఎలక్ట్రాన్ ఏదీ కోలారుకు చేరలేదు. చేరింది శక్తి మాత్రమే.

శక్తి లెక్క

వోల్టేజినీ కరెంటునూ గుణిస్తే సామర్థ్యం వస్తుంది. దీనిని వాట్లలో చెబుతారు. 1,000 వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. 75 వాట్ల ఫ్యాను 10 గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటల చొప్పున నెలకు 9 యూనిట్లు వాడుతుంది. అదే వెలుగుకు దగ్గరగా ఇచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 1.35 యూనిట్లతో సరిపెడుతుంది. 5 అశ్వశక్తి మోటారు సామర్థ్యం సుమారు 3,730 వాట్లు. అంటే గంటకు దాదాపు 4 యూనిట్లు. ఇంటి బిల్లు చేతికి రాగానే పిల్లల చేత ఈ లెక్క వేయించండి. పాఠం దానంతట అదే వస్తుంది.

ఇంట్లో, పొలంలో జాగ్రత్తలు

శరీరం గుండా ఒక మిల్లీఆంపియరు, అంటే ఆంపియరులో వెయ్యో వంతు ప్రవహిస్తే జిల్లుమంటుంది. 10 మిల్లీఆంపియర్ల దగ్గర కండరాలు బిగుసుకుని, పట్టుకున్న తీగను వదలలేము. 30 దాటితే ఊపిరికి, 50 నుంచి 100 మధ్య గుండెకు ముప్పు. 60 వాట్ల బల్బులో 260 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి. బల్బు వెలిగించే కరెంటులో నాలుగో వంతైనా మనిషి ప్రాణం తీయగలదన్నమాట. తడి చర్మం నిరోధం బాగా తక్కువ కనుక తడిచేతులతో ప్రమాదం పెరుగుతుంది.

కరెంటుకు నేలలోకి సులువైన దారి చూపేదే ఎర్తింగు. మూడు పిన్నుల ప్లగ్గులో పొడవైన పిన్ను అందుకోసమే. మోటారు, ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె లోహపు భాగానికి లోపలి తీగ తగిలినా కరెంటు మన శరీరం గుండా కాక ఎర్తు గుండా పోతుంది. ఆ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నులతో వాడడం రక్షణను మన చేతులతో తీసివేయడమే. ఫ్యూజు ఎగిరితే దాని స్థానంలో లావు తీగ చుట్టడమూ అటువంటిదే. ఫ్యూజు మితిమీరిన కరెంటు వచ్చినప్పుడు తాను కరిగి ఇంటిని కాపాడడానికే ఉంది. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపివేసే సాధనాలు నేడు దొరుకుతున్నాయి. ఇంటికి ఒకటి పెట్టించుకోవడం మేలు.

పల్లెల్లో తరచుగా ప్రాణాలు తీసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. బట్టలు ఆరవేయడానికి ఇనుప తీగ కట్టి, దాని పక్కగా సర్వీసు వైరు పోనివ్వడం మొదటిది. నైలాన్ తాడు కట్టుకుంటే ఆ భయం ఉండదు. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పోతే రైతులే ఎక్కి వేసుకోవడం రెండవది. ఒక ఫేజు ఆగినా మిగిలినవి సజీవంగా ఉండవచ్చు. ఆ పని లైన్‌మన్‌దే. 1912 నంబరుకు ఫోన్ చేయండి.

మూడవది అడవి పందుల కోసం పొలం చుట్టూ నేరుగా కరెంటు తీగ పెట్టడం. ఇది చట్టరీత్యా నేరం. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం నుంచి వచ్చే ఏనుగులే కాదు, రాత్రి నీళ్ళు కట్టడానికి వెళ్ళే పక్క రైతు కూడా దానికి బలి కావచ్చు. అనుమతి ఉన్న సోలార్ కంచె వేరు. అందులో వోల్టేజి వేలల్లో ఉన్నా, సెకనుకు ఒకసారి చొప్పున క్షణకాలం మాత్రమే, పరిమితమైన శక్తితో వస్తుంది. జంతువు బెదిరి తప్పుకుంటుంది. ప్లాస్టిక్ కుర్చీ చురుకుకూ, ఇంటి కరెంటుకూ ఉన్న తేడా గురించి ముందు చెప్పిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

తెగిన తీగ నేల మీద కనిపిస్తే కనీసం 10 మీటర్ల దూరంలో ఆగి ఇతరులను హెచ్చరించండి. ఇప్పటికే దగ్గరగా ఉంటే పెద్ద అంగలు వేయకుండా, పాదాలు ఎత్తకుండా జరుపుకుంటూ దూరం రావాలి. ఇంట్లో ఎవరికైనా షాక్ కొడితే వారిని తాకకూడదు. ముందు మెయిన్ ఆపాలి. వీలుకాకపోతే ఎండిన కర్రతో తీగను తొలగించాలి. ఎత్తైన స్తంభాల లైన్ల విషయంలో కర్ర కూడా రక్షణ ఇవ్వదు. లైను ఆపించే దాకా దగ్గరకు పోరాదు.

చూడదగిన చోటు

బెంగళూరు కస్తూర్బా రోడ్డులో, కబ్బన్ పార్కు పక్కన విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం ఉంది. దీనిని 1962లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1965లో ప్రజలకు తెరచిన తొలి ప్రదర్శనశాల అంశం విద్యుత్తే. సరిహద్దు గ్రామాల పాఠశాలలు విహారయాత్రకు బెంగళూరు వెళ్ళినప్పుడు లాల్‌బాగ్, విధానసౌధతో పాటు ఒక పూట దీనికీ కేటాయిస్తే పిల్లలకు ఎంతో మేలు.

1902లో గనులకు తీగలు వేసిన నాడు వాటి కింద ఉన్న పల్లెలలో నూనె దీపాలే వెలిగేవి. పల్లెకు కరెంటు రావడానికి దశాబ్దాలు పట్టింది. వచ్చిన ఆ శక్తిని తెలిసి వాడుకుంటే వెలుగు, తెలియక తాకితే ముప్పు. ఈ వారం పిల్లలూ పెద్దలూ కలిసి ఇంట్లోని ప్లగ్గులలో ఎర్తు పిన్ను ఉందో లేదో, బట్టల తీగకు దగ్గరగా వైరు పోతోందో లేదో ఒకసారి చూడండి. పాఠ్యపుస్తకంలోని అధ్యాయానికి అంతకన్నా మంచి అభ్యాసం లేదు.